ఇంటిపేరు లేని వంట

బందరులో హోటలు పెట్టాలంటే ముందు బోర్డు మీద ఒక కులం కావాలి. మునిసిపాలిటీ వాళ్ళు అడగరు, ఏ చట్టంలోనూ రాసి లేదు. అయినా రోడ్డు పొడుగునా చూడండి: ఫలానా గారి పులావు, ఫలానా గారి మెస్సు, ఫలానా వారి భోజనం. కోడి ఏ ఫారంలో పెరిగిందో తినేవాడికి అక్కర్లేదు. నూనె ఎన్నిసార్లు కాగిందో అంతకన్నా అక్కర్లేదు. గరిటె పట్టిన చెయ్యి ఎవరిదో తెలిస్తే చాలు, ముద్ద నిశ్చింతగా గొంతు దిగుతుంది.

శ్యామ్ సుందర్‌కి ఈ సంగతి ఎవరో చెబితే తెలిసింది కాదు, అనుభవించి తెలుసుకున్నాడు. అందుకే వియత్నాం హోటలు పెట్టాడు.

అతని ఊరు బంటుమిల్లికి ఆరు కిలోమీటర్లు. ఊరంటే ఊళ్ళో కాదు, పంట కాలవ దాటాక ఉండే దళిత క్రైస్తవుల పేట. తండ్రి రత్నరాజు రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు, గట్టు మీద పాము కరిచి పోయాడు. అప్పటికి శ్యామ్ సుందర్ తొమ్మిదో తరగతి. తల్లి ఆనందమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఆ చేలు కూడా చెరువులైపోయాక రొయ్యల షెడ్డులో చేరింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు వొలిచే పని. పదేళ్ళకి ఆమె వేళ్ళ చివర్లు పాలిపోయి, వేడి తగిలినా తెలియనంత మొద్దుబారాయి. ఆ వేళ్ళతోనే కొడుకుని హాస్టల్లో ఉంచి చదివించింది, విజయవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేయించింది.

డిప్లొమా అయ్యాక గుడివాడలో ఒక మెస్సులో వంట పనికి కుదిరాడు. మూడు వారాల్లో అతని చేపల పులుసుకి పేరొచ్చింది. నాలుగో వారంలో ఒక పెద్దమనిషి చెయ్యి కడుక్కుంటూ, "కుర్రాడి చేతిలో మంచి వాటం ఉందండీ, ఎవరబ్బాయి?" అని అడిగాడు. యజమాని పిలిచి ఊరడిగాడు, ఊళ్ళో ఎటువైపని అడిగాడు. ఆ రెండో ప్రశ్న దగ్గరే అసలు సంగతంతా ఉంటుంది. మన జిల్లాలో మనిషిని కొలిచే టేపు అదే.

"నీ వంట బావుందిరా, కాదన్ను. కానీ నా వ్యాపారం నేను చూసుకోవాలిగా," అన్నాడు యజమాని, చాలా మర్యాదగానే. మర్నాటి నుంచి పెరట్లో గిన్నెలు తోమే దగ్గర కూర్చోబెట్టాడు. శ్యామ్ సుందర్ రెండు రోజులు తోమాడు. మూడో రోజు పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళాడు.

దోహాలో తొమ్మిదేళ్ళు ఒక వియత్నాం హోటల్లో చేశాడు. అక్కడ పెద్ద వంటమనిషి హోవా అనే యాభై ఏళ్ళ ఆడమనిషి. పొట్టిగా, బిగువుగా, ఎప్పుడూ చిరాకుగా ఉండేది. ఆమె ఊరు కూడా నది సముద్రంలో కలిసే చోటేనట. అక్కడా వరి, అక్కడా రొయ్యలు, అక్కడా వరదలు. ఫోనులో ఆ ఊరి బొమ్మ చూపిస్తే శ్యామ్ సుందర్‌కి కృష్ణ సముద్రంలో కలిసే మన పాలకాయతిప్పే అనిపించింది. గంటల తరబడి ఎముకలు మరిగించి తేనె రంగులో తేరిన రసం తీయడం, అందులో బియ్యపు నూడుల్స్, పైన పచ్చి ఆకులు, నిమ్మచెక్క, అన్నీ ఆమే నేర్పింది. తొమ్మిదేళ్ళలో అతని చేతుల గురించి ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న: కడుక్కున్నావా లేదా అని.

అక్కడే అతనికి ఆ ఆలోచన పుట్టింది. మన ఊరి వంట వండితే ఎవరి వంట అని అడుగుతారు. పరాయి దేశం వంటకి ఇంటిపేరు ఉండదు కదా!

పాపం, పప్పులో కాలు అక్కడే వేశాడు.

పోర్టు పనులు జోరందుకుని, బందరు నిండా ఇంజినీర్లూ కంపెనీల వాళ్ళూ తిరుగుతున్న రోజుల్లో దిగాడు. కోనేరు సెంటరుకి దగ్గర్లో సర్దార్ గారి మేడ కింద భాగం అద్దెకు తీసుకున్నాడు. సర్దార్ గారిది రోల్డ్‌గోల్డు వ్యాపారం, అరవై దాటిన మనిషి. బోర్డు రాయించేటప్పుడు దగ్గరే నిలబడి చూశాడు. "హోవా వియత్నాం కిచెన్" అని పెద్దక్షరాలు. కింద ఎర్రరంగులో, "బీఫ్ లేదు. చికెన్, రొయ్య, చేప మాత్రమే."

"పేరు బావుంది బాబూ. ఎవరిదో ఏంటో ఒక్క ముక్క తెలీకుండా కుదిరింది," అన్నాడు సర్దార్ గారు. అతని కళ్ళలో నవ్వుందో జాలి ఉందో శ్యామ్ సుందర్‌కి అర్థం కాలేదు. "మాకా వెసులుబాటు లేదులే. మా సాయిబులకి పేర్లే బోర్డులు."

వెసులుబాటు నిజమే. శ్యామ్ సుందర్ అనే పేరు ఎటు తిప్పినా ఎవరికీ దొరకదు. ఇంటిపేరు కూడా కలిసొచ్చింది, ఆ ఇంటిపేరు వాళ్ళు కాలవకి ఇవతలా ఉన్నారు, అవతలా ఉన్నారు. భార్య పేరే ఇబ్బంది. ఆవిడ కృపాకుమారి, బందరు ఆసుపత్రిలో నర్సు. "నన్ను మాత్రం ఎవరికీ పరిచయం చెయ్యకు స్వామీ, నా పేరు వినగానే నీ కస్టమర్లకి పొలమారుద్ది," అని మొదట్లో నవ్వుతూనే అనేది.

తీరా పొయ్యి వెలిగించాక రసం కుదరలేదు. హోవా రసానికి ప్రాణం గొడ్డు ఎముకలు. అవి బోర్డు మీదే కొట్టేశాడాయె. కోడి ఎముకలతో వారం రోజులు తంటాలు పడ్డాడు. రసం మడ్డిగా వచ్చింది, లేదా నీళ్ళలా వచ్చింది. తెరవడానికి నాలుగు రోజులుందనగా ఆనందమ్మ ఊరి నుంచి వచ్చింది. గరిటెతో కాస్త తీసి నాలుకకి తగిలించి మొహం చిట్లించింది.

"ఇదేంట్రా, కోడి స్నానం చేసిన నీళ్ళలా ఉన్నాయి."

కొడుకు పక్కకి తప్పుకున్నాడు. ఆమె ఉల్లిపాయలూ అల్లమూ పొట్టు తియ్యకుండా మంట మీద పెట్టి నల్లగా కాల్చింది. ఎండు రొయ్యలు దోరగా వేయించి గుడ్డలో మూట కట్టింది. రెండు అనాసపువ్వులు, ఒక చెక్క ముక్క పడేసింది. అన్నిటికంటే ముందు మంట తగ్గించింది. "తెర్లనిస్తే మడ్డి కాక ఏమవుద్ది? దీని పక్కన ఒక మనిషి కూర్చుని తెట్టు తీస్తా ఉండాలి. దీన్ని వదిలేసి ఫోన్లు చూసుకుంటే కుదరదు." ఆరు గంటలు గిన్నె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పైకి తేలిన నురగని తేలినట్టే తీసింది. సాయంత్రానికి గిన్నె అడుగు కనబడేంత తేట రసం వచ్చింది. శ్యామ్ సుందర్ ఒక గుక్క తాగి, దోహాలో హోవా ఉంటే ఈ పీట ముందు చేతులు కట్టుకుని నిలబడేదనుకున్నాడు. తల్లి అంటే అంత గర్వం అతనికి ఆ ముందెప్పుడూ కలగలేదు. ఆ తరవాత కలిగినా పైకి చెప్పుకోలేకపోయాడు.

ఆ రోజు నుంచి ఆనందమ్మే రసం. తెల్లారేసరికి గిన్నె పక్కన ఉండేది. సందులోంచి, వెనక తలుపున వచ్చేది. "ముందు నుంచి వస్తే ఏసీ చల్లదనం పోతుందమ్మా," అని చెప్పాడు కొడుకు.

"తెల్లారగట్ల అయిదింటికి ఏసీ ఎక్కడిది? ఉన్నా మీ అమ్మ ఒక్కదానికేనా పోయేది ఆ చల్లదనం?" అంది కృపాకుమారి. ఈసారి నవ్వలేదు.

ఆనందమ్మ మాత్రం పనిలో ఉన్న ఇద్దరు అస్సాం వాళ్ళ ముందు కొడుకుని "ఒరేయ్" అనడం తనంతట తనే మానేసి "బాబూ" అనడం మొదలుపెట్టింది. అలా పిలవమని అతను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

మొదటి నెల జనం రావడం వింత చూడ్డానికే. "ఇదేంటండీ, చారులో సేమ్యాలు వేశారు?" అన్నాడొకాయన. ఇంకొకాయన ఆవకాయ అడిగాడు. ఒక కుటుంబం నూడుల్స్ పక్కన పెట్టి, రసం విడిగా తెప్పించుకుని, అన్నం లేదా అని మేనేజరు కోసం కేకలేశారు. మన వాళ్ళకి చారంటే మారు అడిగితే ఊరికే పొయ్యాల్సిందే. శ్యామ్ సుందర్ నవ్వుతూ పోశాడు. చేదు అనుభవాలేమీ కావవి. రసం మాత్రం ఎవరూ వదల్లేదు, గిన్నెలు ఖాళీగా వచ్చేవి.

రెండో నెలలో ఈశ్వరప్రసాద్ వచ్చాడు. గుడివాడ మనిషి, బంటుమిల్లి చుట్టుపక్కల వందెకరాల రొయ్యల చెరువులున్న ఆసామి. మేత కంపెనీ వాళ్ళు డీలర్లని విదేశాలు తిప్పినప్పుడు వియత్నాం చూసొచ్చాడు. ఒక గుక్క తాగి టేబుల్ మీద చరిచాడు.

"ఇదయ్యా! అక్కడ తాగిన దానికంటే ఇదే బావుంది. ఏ ఊరు తమ్ముడూ మనది?"

"బంటుమిల్లి వైపండీ."

"వైపంటే?"

"చిన్నప్పుడే దోహా వెళ్ళిపోయామండీ," అన్నాడు శ్యామ్ సుందర్, తనొక్కడు వెళ్ళిన చోటికి కుటుంబాన్నంతా ఎక్కించేసి.

ఇంటిపేరు అడిగాడు. చెప్పాడు. "ఓహో, అయితే మనవాళ్ళే!" అని ఈశ్వరప్రసాద్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అవునండీ అనలేదు శ్యామ్ సుందర్. కాదండీ అని కూడా అనలేదు. నవ్వి, "రసం ఇంకాస్త పొయ్యమంటారా?" అన్నాడు. ఆ భుజం మీది చెయ్యి అతనికి వెచ్చగా తగిలింది. అసహ్యం వెయ్యాల్సిన చోట హాయి అనిపించినందుకు ఆ తరవాత చాలాసార్లు తనని తనే తిట్టుకున్నాడు.

ఇక చూసుకోండి. మనవాళ్ళబ్బాయి హోటలు అని గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా పాకిపోయింది. రంగూ బ్రష్షూ అక్కర్లేకుండానే బోర్డు మీదికి కులం వచ్చి కూర్చుంది. ఆదివారాలు బయట కార్లు బారులు తీరేవి. హాల్లో కస్టమర్లు నవ్వుతున్నప్పుడల్లా శ్యామ్ సుందర్‌కి ఒక్కటే భయం, వెనక తలుపు తెరుచుకుని తల్లి ఏదో అడగడానికి హాల్లోకి వస్తుందేమోనని. ఆమె రంగు, కట్టు, మాట, మెడలో నల్లదారానికి ఉన్న చిన్న సిలువ, దాచడానికి ఏదీ వీలు లేదు. హోటలు నిలబడాలి. తల్లి కనబడకూడదు. ఈ రెంటినీ కలిపి మోస్తూ ఏడాది నెట్టుకొచ్చాడు.

ఆ ఎండాకాలం ఈశ్వరప్రసాద్ కొడుక్కి పంచెల ఫంక్షన్. గుడివాడలో పెద్ద ఫంక్షన్ హాలు, పదిహేను వందల మందికి మధ్యాహ్నం విందు. భోజనాలు వేరే వాళ్ళవే కానీ, కొత్తగా ఉంటుందని వియత్నాం రసానికి ఒక లైవ్ కౌంటరు పెట్టమన్నాడు. "ఇది బాగా చేశావంటే గుడివాడలో నా కాంప్లెక్సులో రెండో హోటలు తెరుద్దాం తమ్ముడూ," అన్నాడు.

అంత రసం ఆనందమ్మ లేకుండా అవదు. తీసుకెళ్ళడం ఎంత ప్రమాదమో తెలిసి కూడా తీసుకెళ్ళాడు. కౌంటరు వెనక గుడ్డ తెర కట్టించి, దాని అవతల గిన్నె దగ్గర కూర్చోబెట్టాడు. "బయటికి రాకమ్మా, అక్కడంతా హడావుడిగా ఉంటుంది," అన్నాడు. "నాకేం పని బయట," అంది ఆమె.

జనం ఎగబడ్డారు. నూడుల్స్ ఆవిరి, పుదీనా వాసన, ఫోటోలు. ఈశ్వరప్రసాద్ అత్తగారు సత్యవతమ్మ కూడా కుర్చీ వేయించుకుని కౌంటరు పక్కన కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, పళ్ళు లేవు, అంత విందులోనూ ఆవిడ తినగలిగేది ఏమీ లేదు. ఒక గ్లాసులో ఉత్త రసం పోసిచ్చారు. తాగి కళ్ళు మూసుకుంది.

"ప్రాణం లేచొచ్చిందయ్యా. ఎవరు చేశారిది? ఆ చెయ్యి ఎవరిదో ఓసారి చూడనీ."

శ్యామ్ సుందర్ నోరు తెరిచేలోపే అస్సాం మనిషి తెర వైపు చూపించి, వచ్చీరాని తెలుగులో "ఆంటీ, ఆంటీ చేసింది," అన్నాడు. ఈశ్వరప్రసాద్ నవ్వుకుంటూ వెళ్ళి తెర పక్కకి లాగాడు. "రావమ్మా ఇటు, మా అత్తగారు నిన్ను చూస్తారట."

ఆనందమ్మ చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. తన చేతివంటని మెచ్చుకున్నారని విన్న మొహం అది. షెడ్డులో పదేళ్ళు రొయ్యలు వొలిచినా ఒక్కరూ బావుందని అనలేదు కదా ఆమెని. సత్యవతమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"ఓసి, నువ్వు ఆనందానివి కాదూ? కాలవవతల పేట. మా నాన్నగారి చేలో నాట్లేసేదానివి. రత్నం పెళ్ళానివి."

"అవునండమ్మగారూ, నేనేనండి! ఎంత గుర్తండీ మీకు!" ఆనందమ్మ సంతోషం ఆపుకోలేకపోయింది.

సత్యవతమ్మ చేతిలోని గ్లాసు వైపు చూసుకుంది. మెల్లగా టేబుల్ మీద పెట్టేసింది. "నువ్విక్కడికెలా వచ్చావే? ఎవరు తెచ్చారు?"

ఆనందమ్మ కొడుకు వైపు తిరిగింది. మా అబ్బాయండీ అనడానికి ఆమె పెదాలు విచ్చుకోవడం శ్యామ్ సుందర్ చూశాడు. ఈశ్వరప్రసాద్ కూడా తన వైపే చూడ్డం చూశాడు.

"పనికి పెట్టుకున్నామండీ," అన్నాడు.

"వంట పనికా?"

"అబ్బే, కాదండీ. వంటంతా నేనే. ఈవిడ గిన్నెలు తోముతుంది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు. పదకొండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో తనని ఎక్కడ కూర్చోబెట్టారో, తల్లిని తెచ్చి సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాడు. వాళ్ళు కనీసం అతని వంట బావుందని ఒప్పుకున్నారు.

ఆనందమ్మ తల వంచుకోలేదు. కొడుకుని ఒక్క క్షణం చూసి, సత్యవతమ్మ వైపు తిరిగింది. "అవునండమ్మగారూ. నేను గిన్నెల కాడుంటానండి. బాబుగారే వండుతారు."

"అదీ! అలా చెప్పు. గిన్నెలకైతే ఏముందిలే," అని సత్యవతమ్మ గ్లాసు మళ్ళీ తీసుకుని మిగిలిన రసం తాగేసింది. రసం అదే, గ్లాసు అదే. ఒక్క అబద్ధంతో మళ్ళీ తాగడానికి పనికొచ్చింది. ఈశ్వరప్రసాద్ ఊపిరి పీల్చుకుని, తెర మళ్ళీ వెయ్యమన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆనందమ్మ వ్యానులో వెనక, గిన్నెల మధ్య కూర్చుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది. గుడ్లవల్లేరు దాటాక శ్యామ్ సుందర్ వ్యాను ఆపి, వెనక తలుపు తీసి, "అమ్మా, ముందుకి రా," అన్నాడు.

"నువ్వేం తప్పు మాట్లాడలేదులేరా," అంది ఆమె. ఏడాది తరవాత మళ్ళీ "రా" అని పిలిచింది. "నాలుగు డబ్బులొచ్చే చోట అలాగే మాట్లాడాలి. కొడుకునని చెప్పుకోపోయినా నాకేం బాధ లేదు. నిన్ను కన్నది నేనేనని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. కానీ వండింది ఆవిడేనండీ అని ఒక్క మాటంటే ఏం పోయేదిరా? ఆ ముసలావిడ అంత బావుందని తాగింది. ఆ ఒక్క ముక్కా నాకుంచలేకపోయావా?"

ఆ మాట అని ఉంటే ఆ గ్లాసు టేబుల్ మీదే ఉండిపోయేది, రెండో హోటలు గాలికి పోయేది, మొదటిది కూడా మిగిలేది కాదు. ఇదంతా అతనికి తెలుసు. తల్లికీ తెలుసు. తెలిసిన మాత్రాన బాధ తగ్గుతుందా?

మర్నాడు తెల్లారేసరికి గిన్నె పక్కన పీట ఖాళీగా ఉంది. కృపాకుమారి ఫోను చేసి, "అత్తయ్య మొదటి బస్సెక్కేశారు, నేనే ఎక్కించాను," అని చెప్పి పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆవిడ ఇంట్లో అతనికి వడ్డించేది, మాట్లాడేది, అంతా మామూలే. హోటలు మెతుకు మాత్రం నోట పెట్టలేదు.

రెండు రోజుల తరవాత ఈశ్వరప్రసాద్ ఫోను. "తమ్ముడూ, మా అత్తగారికి ఇంకా అనుమానం పీకుతూనే ఉంది. నువ్వు పసివాడివి, తెలీక పెట్టుకున్నావు. ఎందుకొచ్చిన గొడవ, ఆ మనిషిని తీసెయ్యి."

"తీసేశానండీ," అన్నాడు శ్యామ్ సుందర్.

తల్లి తనంతట తను వెళ్ళిపోతే, ఆ వెళ్ళిపోవడాన్ని కూడా అమ్ముకున్నాడు. ఈశ్వరప్రసాద్ చాలా సంతోషించి, వచ్చే నెలలో గుడివాడ పని మొదలుపెడదామన్నాడు.

ఇక రసం సంగతి. అస్సాం వాళ్ళకి తెట్టు తీసే ఓపిక లేదు. పెద్ద మంట పెట్టి, మడ్డిగా వస్తే వడబోసి, రుచికి మసాలా పొడి కలిపేవాళ్ళు. శ్యామ్ సుందర్ నోట్లో పోసుకుంటే గొంతు దిగేది కాదు. ఇక హోటలు పడిపోతుందని భయపడ్డాడు. నిజం చెప్పాలంటే పడిపోవాలని ఆశపడ్డాడు కూడా. పడిపోతే, మీ నాలుక మీద నిలిచింది మా అమ్మేనని ఒక్కసారైనా రుజువవుతుంది కదా! ఒక్కరూ కనిపెట్టలేదు. కార్లు అలాగే వచ్చాయి. ఈశ్వరప్రసాద్ అలాగే టేబుల్ మీద చరిచి, "ఈ మధ్య ఇంకా బావుంటుంది తమ్ముడూ," అన్నాడు. రుచి చూసి తినేవాళ్ళయితే కదా తేడా తెలిసేది. సర్దార్ గారొక్కరే ఒక సాయంత్రం గిన్నె సగంలో వదిలేసి, "అమ్మగారు ఊళ్ళో లేరా బాబూ?" అని అడిగాడు. ముందు తలుపు నుంచి ఎప్పుడూ రాని మనిషిని అతనెప్పుడు చూశాడో శ్యామ్ సుందర్‌కి తెలియదు. గిన్నె తీసేశాడు.

గుడివాడ హోటలు తెరిచే ముందు రోజు ఆదివారం. కృపాకుమారి పట్టుబడితే ఊరు వెళ్ళాడు. ఇద్దరూ వెళ్ళేసరికి పేటలోని ఏసు గుడిలో ప్రార్థన సగమైంది. కృపాకుమారి ఆడవాళ్ళ వైపు వెళ్ళి ఆనందమ్మ పక్కన కూర్చుంది. శ్యామ్ సుందర్ మగవాళ్ళ వైపు చాప మీద చివర్లో కూర్చున్నాడు. సాక్ష్యాలు చెప్పే వేళ. ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు ఏదైనా ఉంటే ఎవరికి వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. జ్వరం తగ్గిందని ఒకరు, బర్రె దొరికిందని ఒకరు చెప్పాక ఆనందమ్మ నెత్తిన ముసుగు సర్దుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం. మా అబ్బాయి బందర్లో పెట్టిన హోటలు నిలబడిందండి. రేపు గుడివాళ్ళో రెండోది తెరుస్తన్నాడు. మీరంతా వాడి కోసం ప్రార్థన చెయ్యండి."

పాస్టరు అయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఎంత మంచి మాటమ్మా! మన పేట బిడ్డ రెండు హోటళ్ళు పెట్టాడంటే మనందరికీ గొప్ప. ఇక్కడ చెయ్యడమెందుకు? రేపు సంఘమంతా ఒక వ్యాను కట్టించుకుని గుడివాడ వెళ్దాం. అక్కడే పాట పాడి, ప్రార్థన చేసి తెరుద్దాం. ఏం బాబూ శ్యామ్?"

అందరూ వెనక్కి తిరిగి అతన్ని చూశారు. చిన్నప్పుడు ఎత్తుకు మోసినవాళ్ళు, రత్నరాజుని గట్టు మీంచి మోసుకొచ్చినవాళ్ళు, దోహా వెళ్ళేటప్పుడు బస్సుదాకా వచ్చినవాళ్ళు. వాళ్ళ మొహాల్లో అప్పటికే ప్రయాణం మొదలైపోయింది. శ్యామ్ సుందర్ రండి అనలేడు. రావద్దని అనడానికి నోరు లేదు. తల్లి వైపు చూశాడు.

"వద్దండి అయ్యగారూ," అంది ఆనందమ్మ, ఇంకా నిలబడే ఉంది. "మనమెవరమూ అక్కడికి వెళ్ళకూడదండి. అక్కడ నన్నే ఎరగరు. మిమ్మల్నేం ఎరుగుతారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి కూర్చుంది. అయ్యగారు కాసేపు పుస్తకం తిప్పి, ఏదో కీర్తన ఎత్తుకున్నాడు. అందరూ ముందుకి తిరిగి పాడారు.

బయటికొచ్చాక ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఒక్క మాటంటే బావుండేది. చెప్పులు వేసుకుని, అతని పక్కనుంచే ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వందనాలని చెయ్యి కలపడం అక్కడ పసిపిల్లలకి కూడా అలవాటే. అతనికి ఒక్క చెయ్యీ అందలేదు.

కృపాకుమారి సాయంత్రం బస్సుకి వస్తానని ముందే ఇంట్లోకి వెళ్ళింది. శ్యామ్ సుందర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంట్లోంచి, అతను బోర్డు మీద లేదని రాయించిన పెద్దకూర ఉడుకుతున్న వాసన వస్తోంది. అది ఆదివారం వాసన, చిన్నప్పుడు ఆ వాసనకే గుడిలోంచి పరుగెత్తుకొచ్చేవాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు. కొన్ని నెలలుగా ఆమెతో అన్న మాటల్లో నిజమైనది అదొక్కటే.

ఆనందమ్మ లోపలికి చూసి, మళ్ళీ అతని వైపు చూసింది. బిడ్డ ఆకలంటే క్షణం ఆగని మనిషి, ఆగింది.

"రేపు నీకు ఓపెనింగు కదరా. పెద్దపెద్దవాళ్ళొచ్చి చెయ్యి కలుపుతారు. ఎంత కడిగినా దీని వాసన రెండు రోజులు వేళ్ళకి ఉంటది." అతని చొక్కా కాలరు సరిచేసింది. "వద్దులే. వెళ్తా వెళ్తా దార్లో ఎక్కడన్నా తిను."

ఆమె వెటకారంగా అన్నా అతను తట్టుకునేవాడు. నిజంగా అతని మంచి కోరే అంది.